అబదాన్ తలుపు

నరసరావుపేట నుంచి నకరికల్లు వెళ్లే రోడ్డు మీద, లారీ షెడ్లన్నీ దాటాక, ఒంటరిగా ఒక పాత రేకుల షెడ్డు ఉంది. చీకటి పడితే దాని ముందు బండి ఆపే మగాడు లేడు. టైరు పంక్చరైనా సరే, ఇంకో ఫర్లాంగు ఈడ్చుకుపోయి ఆపుతారు.

కారణం దాని తలుపు. దాని మీద ఒక ఎర్ర నక్షత్రం ఉంది. ఎన్నిసార్లు తెల్లరంగు పూసినా రాత్రికి రాత్రే మళ్లీ పైకొస్తుంది. వెనకటికి నక్సలైట్ల గుర్తనుకుని పోలీసులే పూయించారట. తెల్లారి చూస్తే... అక్కడే ఉంది! మళ్లీ వాళ్లు ఆ తలుపు జోలికి పోలేదు.

షెడ్డు కట్టిందీ, ఆ నక్షత్రం వేసిందీ మక్బూల్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓడెక్కి ఇరాన్‌లోని అబదాన్ వెళ్లాడు. అమెరికా బాంబర్ విమానాలు పెట్టెల్లో అక్కడికి వచ్చేవి. వాటిని బిగించి రష్యా పైలట్లకు అప్పగించేవాళ్లు. అప్పగించే ముందు, వాటి మీదున్న తెల్ల నక్షత్రం మాపి ఎర్ర నక్షత్రం వేయాలి. మక్బూల్ పని అదే. తిరిగొస్తూ ఒక విమానం పెట్టె చెక్కలు తెచ్చి తలుపు చేయించాడు. డబ్బా అడుగున మిగిలిన ఆ రంగుతోనే దాని మీదా ఒక నక్షత్రం వేశాడు.

ఊరు ఊరుకుంటుందా? అతను రంగేసిన విమానమెక్కి తిరిగిరాని పైలట్ ఒకడు, తన నక్షత్రం కోసం రాత్రిళ్లు వస్తున్నాడని కథ అల్లింది. మన పల్నాడు ఎండలకు తట్టుకున్న రష్యావాడంటే గట్టి దెయ్యమే మరి.

మక్బూల్ మునిమనవరాలు షాహీన్ లారీ బాడీలకు రంగులేస్తుంది. ఎనిమిదేళ్లుగా ఒకరి కింద పని. ఆ షెడ్డులో సొంతంగా పని పెట్టుకోవాలని ఆమె పట్టు. కూలగొట్టాలని అన్న రియాజ్ పట్టు.

"దెయ్యం కొంపకు లారీ ఎవుడు తోలుకొస్తాడే?"

"తెల్లరంగేసి రాత్రంతా ఆ తలుపు ముందే కూర్చుంటా భాయ్. తెల్లారేసరికి చుక్క కనపడకపోతే షెడ్డు నాది."

"కనపడితే?"

"కూలగొట్టు. గునపం నేనే అందిస్తా."

సాయంత్రం రెండు పూతలు మందంగా వేసి, తలుపుకు ఎదురుగా పీట వేసుకుంది. పది దాటింది... పదకొండు... రోడ్డు మీద లారీలు పలచబడ్డాయి.

పైన రేకు టక్కుమంది. మళ్లీ — టక్.

పగలంతా కాగిన రేకు చల్లబడి ముడుచుకుంటోందని ఆమెకు తెలుసు. తెలిసినా ఒళ్లు జలదరించింది.

సెల్‌ఫోన్ లైటు వేసింది. తెల్లరంగు నడుమ — లేత గులాబీ మచ్చ.

కాసేపాగి మళ్లీ వేసింది. మచ్చకు కొనలు వస్తున్నాయి. ఒకటి... రెండు... ఐదు.

వెనక ఎవరిదో అడుగుల చప్పుడు.

"అమ్మాయ్..." గుసగుసగా అన్నాడు లారీ డ్రైవరు మస్తానయ్య. దగ్గరికి రాలేదు, రోడ్డు అంచునే ఆగిపోయాడు. "వచ్చింది చూశావా? లేచి రామ్మా. పానం కంటే షెడ్డు ఎక్కువా?"

షాహీన్‌కు భయమేసింది. కానీ ఇప్పుడు లేస్తే షెడ్డు పోయినట్టే, మళ్లీ ఒకరి కిందే బతుకు. అది తలుచుకోగానే ఎక్కడలేని కోపం వచ్చింది.

"నువ్వు పో మామా," అంది. తలుపు వైపు తిరిగి, "నీ చుక్క నీకు కావాలా? రా! వచ్చి తీస్కపో!" అని అరిచింది.

ఎవరూ రాలేదు. తనే వెళ్లి ఆ మచ్చ మీద వేలు పెట్టింది. వేలికి తడి అంటింది... గులాబీ రంగు తడి.

ఆ వేలి వంకే చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని మస్తానయ్య వెనక్కి చూడకుండా పరుగందుకున్నాడు.

ఎర్ర లారీని తెల్లగా మార్చాలంటే ఎంత తిప్పలో ఆమెకు తెలియనిదా! కొన్ని ఎరుపులు మహా మొండివి. పైన పూసిన తడిరంగులో కరిగి, అందులోంచే పైకి ఊరుతూ వస్తాయి. నడుమ ఒక అడ్డుపూత పడాల్సిందే. దెయ్యం మాట చెవిన పడితే చేతిలో ఉన్న పని కూడా మర్చిపోతాం.

తడిరంగంతా గుడ్డతో తుడిచేసింది. అడ్డుపూతగా లక్క పాలిష్‌లో సిల్వర్ పొడి కలిపి పూసింది. అది అరగంటలో ఆరింది. దాని మీద మళ్లీ తెల్లరంగు వేసి, పీట మీద కూర్చుని తెల్లారేదాకా చూసింది. ఏమీ రాలేదు.

పొద్దున్నే రియాజ్ వచ్చాడు, వెనకాల మస్తానయ్య, ఇంకో పదిమంది. తలుపు పాలలా తెల్లగా ఉంది.

"ఎట్టా పంపించావే దాన్ని?" అన్నాడు రియాజ్. మాట మాటే కాబట్టి తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

షాహీన్ తాళంచెవి జేబులో వేసుకుని, ఎర్రరంగు డబ్బా మూత తీసింది.

"ఏందే, మళ్లీనా?"

"దెయ్యం పోయింది భాయ్. ముత్తాత ఎందుకు పోవాలి?"

ఐదు కొనలూ గీసి నింపింది. చేయి ఆపకుండానే అంది: "ఇమానాలు చేసినోళ్ల పేరుంది. తోలినోళ్ల పేరుంది. ఎండలో నిచ్చెనెక్కి రంగేసినోడి పేరు ఏడ రాశారు?"

లారీ మీద బొమ్మేసినవాళ్లు ఓ మూలన చిన్నగా తమ పేరు రాసుకుంటారు. ఆమె కూడా నక్షత్రం కింద రాసింది. చిన్నగా కాదు, రోడ్డు మీద పోయే ప్రతి డ్రైవరూ చదవగలిగేంత పెద్దగా:

ఆర్ట్: మక్బూల్, అబదాన్.