రైలాగని ఊరి పెళ్ళికొడుకు

కిరణ్మయి నాతో అన్న మొదటి మాట, "అంధే హో క్యా?"

రెండేళ్ళ కిందట, మా ఊరి మీదుగా భిలాయ్ వెళ్ళే ప్యాసింజర్లో. ఏదో పరీక్ష రాయడానికి వెళ్తూ, పై బెర్త్ నుంచి దిగబోయి ఆమె మామిడితాండ్ర పొట్లం తొక్కాను.

"సారీ అండీ!"

"తెలుగోడివే! కళ్ళెక్కడ పెట్టావు మరి?"

వాళ్ళమ్మ పుట్టిల్లు మా పెదగెడ్డవలసేనని, నాకు దూరపు వరసన మరదలవుతుందని రాయగడ దాటాక తెలిసింది. రాయ్‌పూర్ వచ్చేసరికి, ఈ తిట్లు వినకుండా ఇక ఎలా బతకాలిరా బాలూ అని దిగులు పట్టుకుంది.

అలాంటి పిల్లతో ఖాయమైన సంబంధాన్ని వాళ్ళ నాన్న సూర్యారావు మావయ్య ఫోన్లో తెంపేశాడు. కారణం? మా ఊళ్ళో ఇప్పుడు రైలాగదు!

వాళ్ళుండే భిలాయ్ ఉక్కు ప్లాంట్ బస్తీ క్యాంప్ 2లో మన తెలుగువాళ్ళకి అదో రివాజు. రైలు ఆగే ఊరికి మాత్రమే పిల్లనిస్తారు. జాతకాల కన్నా ముందు టైమ్‌టేబుల్ చూస్తారు. ఆ ప్యాసింజర్‌కి ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి, టికెట్ పెంచి, మా స్టాపు ఎత్తేశారు. వేగం మాత్రం పాతదే. ఎదురొచ్చిన ప్రతి బొగ్గు బండికీ దారిచ్చి పొలాల మధ్య గంటసేపు పడి ఉండే రైలుకి, మా ఊళ్ళో ఒక్క నిమిషం ఆగడానికి తీరిక లేదట!

నాకు ఒళ్ళు మండిపోయింది. బొబ్బిలి దాకా బస్సులో పోయి ఆ రైలే ఎక్కాను. వానలో భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్లో దిగి, తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసింది కిరణ్మయి. తడిసి ముద్దయిన నన్ను చూసి జాలిపడుతుందనుకున్నాను.

"క్యోం ఆయే? ఎందుకొచ్చావు?"

"అదేంటి, అలా అంటావు?"

"నాన్న సంబంధం వద్దంటే 'మీ ఇష్టం' అన్నావట! నా ఇష్టం ఎవరడిగారు?"

"కోపంలో అన్నానే!"

"నాకూ కోపమే. తలుపేసేస్తాను."

వెయ్యలేదు. లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చి నా మొహాన విసిరింది. నా ఖర్మ కాకపోతే, కోపంలో కూడా అంత బాగుండాలా ఈ పిల్ల!

ఇంతలో సూర్యారావు మావయ్య ప్లాంట్ నుంచి డ్యూటీ దిగి వచ్చాడు. క్రేన్ ఆపరేటర్. నన్ను చూడగానే హెల్మెట్ ధన్‌మని బల్ల మీద పెట్టాడు.

"ఏటోయ్, ఎందుకొచ్చావు? ఫోన్లో సెప్పీసాను కదా!"

"రైలాగకపోతే పెళ్ళాగాలా మావయ్యా? బొబ్బిలిలో దిగితే ఆటో ఉంది."

"తెల్లారగట్ల, ఆడపిల్ల, సామాన్లతో ఆటో! ఇయాల స్టాపు ఎత్తీసారు. రేపు రైలే ఎత్తీయరని గేరంటీ ఏటి?"

"అప్పుడు బస్సులో తీసుకొస్తాను!"

"ఆ యేడు బస్సులున్నాయేటి?" అని అరిచాడు.

ఏ ఏడాదో నాకు తెలుసు. కరోనాకి రైళ్ళన్నీ ఆపేసిన ఏడాది. ఊళ్ళో కిరణ్మయి అమ్మమ్మ పోతే, కూతురు రజని అత్తకి ఆఖరి చూపు దక్కలేదు.

"ఇక్కడ స్టేషన్ గేటుకి తాళమేసుంటే, మీ అత్త ఆ గేటట్టుకుని ఏడిసింది. నా కూతురికి అలగ ఏడిసే గతి పట్టనివ్వను. ఎల్లు!"

అంతవరకూ ఆయన్ని ఉత్త మొండిమనిషి అనుకున్నాను.

వంటింట్లోంచి రజని అత్త వచ్చింది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"రైలు సూసే మా నాన నన్ను మీకిచ్చాడు. అవునా?"

"అవును," అన్నాడు మావయ్య.

"ఆ యేడు రైలాగిపోనాది. మరి నానేటి సెయ్యాల? మిమ్మల్నొదిలీసి ఎలిపోవాలా?"

మావయ్య బల్ల మీది హెల్మెట్ తీసి మేకుకి తగిలించాడు.

"ఆ గేటుకాడ నా పక్కన ఎవులున్నారు? రైలుందా? మీరున్నారు. వానలో తడిసి ఇంతదూరం వొచ్చినోడు రేపు దీని పక్కన ఉంటాడా, ఉండడా? అది సూడండి. మీ కోపం రైలు మీద సూపించండి, పిల్లల మీద కాదు!"

మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కూతురి మీద కసిరాడు.

"సూస్తావేటే? ఆడికి పొడిబట్టలియ్యి. జొరమొస్తే పెళ్ళిపీటల మీద ఎలగ కూకుంటాడు?"

నేను పొడిబట్టలు కట్టుకుని వచ్చేసరికి కిరణ్మయి వరండాలో ఉంది. వాన ఇంకా తగ్గలేదు. పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకా కోపమేనా?"

"హా."

"పెళ్ళయ్యాక మనం ఇక్కణ్ణుంచి బొబ్బిలి వెళ్ళే రాత్రి, రైలు మన ఊరి మీంచే పోతుంది. ఆగదు. నువ్వు నిద్రలో ఉంటావేమో."

"లేపు," అంది కళ్ళెర్రజేసి. నా చెయ్యి మాత్రం వదల్లేదు. "తలుపు దగ్గర నిలబడి ఇద్దరం కలిసి ఆ రైల్ని తిడదాం."