నీలం చాక్‌లో తమ్ముడు

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. కోడ్ ఆఫీసర్ నడిచి రాలేదు, ఒరిగి బయటికి పడ్డాడు. మెడ వెనక సూది గుచ్చిన చుక్క. హంతకుడి చెయ్యి పట్టుకుని పెనుగులాడినట్టు గోళ్లనిండా నీలం పొడి.

"పూల్ చాక్," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్‌లో ఫొటో ముందుకు తోస్తూ. "పూల్ ఆటలో బంతి కొట్టే క్యూ కర్ర మొనకి రుద్దుతారే, ఆ ముక్క. అందులో మైక్రోఫిల్మ్ దాచారని శత్రువుల వైర్‌లెస్ మెసేజ్ దొరికింది. శత్రుదేశంలో ఉన్న మన ఏజెంట్ల మొహాలన్నీ అందులో ఉన్నాయి. ఈ సాయంత్రం ఫ్లైట్‌లో దాటిస్తారు."

ఏజెంట్ డేగ పిడికిలి బిగించాడు. ఆ మొహాల్లో ఒకటి అతని తమ్ముడిది.

"ఎక్కడుంది సార్?"

"ఓడల కంపెనీ యజమాని ఇంట్లో. కొత్తగా పూల్ టేబుల్ కొన్నాడు. చాక్ ఎంచి పెట్టడానికి షాపు మనిషిని రమ్మన్నాడు. ఆ మనిషివి నువ్వే. లోపల అతని స్నేహితురాలిగా ఉన్న మన ఏజెంట్ నెమలి సాయం చేస్తుంది."

పెట్టుడు మీసంతో, శాంపిల్ పెట్టెతో డేగ ఆ హాల్లో అడుగుపెట్టాడు. టేబుల్ అంచున నీలం ముక్కలు వరసగా ఉన్నాయి.

"మంచి పేరున్నది చూపించవయ్యా," అన్నాడు యజమాని, కాఫీ చప్పరిస్తూ.

"పేరు కాదండీ, పట్టు చూడాలి. పొడి మొనని అంటుకోవాలి, గుడ్డ మీద రాలకూడదు. మీది పచ్చ గుడ్డ. నీలం వాడితే నెల తిరక్కుండా మసిగుడ్డవుతుంది."

"అయ్యో! ఇవన్నీ నా స్నేహితురాలే తెచ్చింది మరి!"

డేగ ఒక్కో ముక్కా రుద్ది బంతి కొట్టి చూస్తున్నాడు. ఒకటి ఎంత రుద్దినా మొన నున్నగానే ఉంది. కొట్టిన బంతి పక్కకి జారింది. చాక్ కాదు! ఫిల్ము చుట్టూ ప్లాస్టర్ పోసి రంగేశారు.

అప్పుడే చెవిలో రిసీవర్ గరగరలాడింది. "డేగా, మోసం! నెమలి డబుల్ ఏజెంట్! ఫిల్ము వదిలేసి వచ్చెయ్. ఇది ఆర్డర్."

"రాను సార్."

"ఏమన్నావ్?"

"రానన్నాను. మీ తమ్ముడైతే మీరొస్తారా?"

రిసీవర్ పీకి యజమాని కాఫీ కప్పులో వేశాడు. యజమాని కప్పు దూరంగా జరిపాడు.

"కర్ర కింద పెట్టు, హీరో." గుమ్మంలో నెమలి. నల్ల పట్టు గౌను, ముత్యాల దండ, సైలెన్సర్ పిస్టల్.

డేగ కర్ర పెట్టలేదు. శాంపిల్ పెట్టె టేబుల్ మీద బోర్లించాడు. ఫిల్మున్న ముక్కా అందులోనే, నీలంలో నీలం కలిసిపోయింది. పెట్టె అడుగున మిగిలిన ముక్కని మొనకి గట్టిగా రుద్ది, దాన్నీ కుప్పలోకి విసిరాడు.

"నీదేదో ఎంచుకో."

"చెప్పు. లేదా కాలుస్తా."

"కాల్చు. మా అమ్మ అట్లకాడతో బాదినా నోరు విప్పలేదు నేను. నువ్వెంత?"

బయట కారు హారన్ మోగింది. ఫ్లైట్‌కి టైమైంది. నెమలి పళ్లు కొరికి, ముక్కలన్నీ హ్యాండ్‌బ్యాగ్‌లోకి ఊడ్చేసింది. "నడు. ఇందులో లేకపోతే నీ పని చెప్తా."

మెట్లు దిగారు. కారు తలుపు తెరుచుకుంది. ఆమె ఒక కాలు లోపల పెట్టింది.

బ్యాగ్ బుస్సుమంది.

డేగ చివర రుద్దింది చాక్ కాదు, రాపిడికి మెల్లగా రాజుకునే మందు. తెల్లటి మంట భగ్గున లేచింది. నెమలి కెవ్వుమంటూ బ్యాగ్ వదిలింది. ఆ క్షణంలో డేగ ఆమె మణికట్టు విరిచి పిస్టల్ లాక్కున్నాడు. ఫిల్ము బూడిదైంది.

మనవాళ్ల జీపుతో పాటు చీఫ్ కూడా దిగాడు. "ఆర్డర్ ధిక్కరించావ్. ఎంక్వైరీ వేస్తాను."

"వెయ్యండి సార్. మా తమ్ముడు ప్రాణాలతో వచ్చి సాక్ష్యం చెప్తాడు."

శత్రువులకి ఇల్లిచ్చినందుకు బేడీలతో జీపెక్కుతూ యజమాని వెనక్కి తిరిగాడు. "ఇంతకీ నా టేబుల్‌కి ఏ చాక్ మంచిదయ్యా?"

"జైల్లో క్యారమ్సే ఉంటుందండీ," అన్నాడు డేగ, మీసం పీకేస్తూ. "పౌడర్ చాలు."