పిన్ని చెప్పిన నవల

సోమవారం పొద్దున్నే తల్లి కుట్టుమిషన్‌కు నూనె వేస్తోంది. పన్నెండేళ్ళ కూతురు పాలగ్లాసు పక్కకు నెట్టి, ఇటుకంత లావు పుస్తకంలో తల దూర్చేసింది. అట్ట మీద రెక్కల గుర్రం.

"ఏమిటే అది?"

"నీలికోట మొదటి భాగం. మొత్తం తొమ్మిదట! నిన్న నాన్న వాళ్ళింట్లో పిన్ని ఇచ్చింది. ఎంత బావుందో తెలుసా!"

పిన్ని అంటే, విడాకులయ్యాక తండ్రి చేసుకున్న మనిషి. ఆ పెళ్ళి కబురు విన్నప్పుడు కూడా తల్లికి ఇంత మండలేదు. మాంత్రికులూ, ఎగిరే కోటలూ తల్లీకూతుళ్ళ సొత్తు. ఏ నవల తర్వాత ఏది చదవాలో ఇన్నాళ్ళూ చెప్పింది తనే.

"మరి నేను చెప్పిన పగడాల దీవి? మూడో భాగంలోనే ఆపేశావుగా?"

"పిన్ని చెప్పినవి అయ్యాక చదువుతాలే అమ్మా."

అయ్యాక! పిల్ల బడికి వెళ్ళగానే తల్లి ఆ పుస్తకాన్ని తన కుట్టుకొట్టుకు తీసుకెళ్ళి, కుట్టాల్సిన బట్టల మూట అడుగున దోపేసింది.

సాయంత్రం పిల్ల ఇల్లంతా గాలించింది. "అది పిన్ని చిన్నప్పటి పుస్తకమమ్మా! ఇప్పుడేం చెప్పను?" అంటూ ఏడుపు లంకించుకుంది.

"ఎప్పుడు చూసినా పిన్ని గోలేనా? పోయి ఆవిడ దగ్గరే ఉండు!"

పిల్ల మొహం పాలిపోయింది. గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పిన్నే కుట్టుకొట్టుకు వచ్చింది. మందుల షాపులో పని, తెల్లకోటైనా విప్పలేదు. తల్లి మిషన్ ఆపలేదు.

"పుస్తకం కోసమైతే..."

"పోతే పోయిందక్కా. రాత్రి పిల్ల ఫోన్లో ఏడ్చింది. పుస్తకానికి కాదు, మీకు కోపమొచ్చిందని." ఆమె మిషన్ దగ్గరికి జరిగింది. "నేనేం చెప్పినా 'అమ్మ చెప్పినంత బాగుంటుందా?' అంటుంది. మీరు చెప్పనిది ఒక్కటైనా దొరక్కపోతుందా అని అటక మీది పెట్టెలన్నీ దింపాను. అబద్ధమెందుకు, నాకూ కుళ్ళే."

మిషన్ ఆగిపోయింది. తల్లి లేచి మూట విప్పి, పుస్తకం బయటకు తీసింది.

"దాచింది నేనే."

పిన్ని నవ్వలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. "మీ చేత్తోనే ఇవ్వండి" అని వెళ్ళిపోయింది.

పిల్ల బడి నుంచి రాగానే తల్లి పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టింది. "ఎక్కడా పోలేదు. నేనే దాచాను. తప్పయిపోయింది."

పిల్ల తల ఎత్తలేదు. "పొమ్మన్నావుగా."

"నోరు జారానే. నువ్వు పోతే నేనేమైపోతాను?" తల్లి మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

పిల్ల మంచం మీద కాస్త పక్కకు జరిగింది. "మొదటి నుంచి చదువుతా, విను. కానీ మధ్యలో 'ఇలాగే అవుతుందని నాకు ముందే తెలుసు' అనకూడదు."

తల్లి కళ్ళు తుడుచుకుని ఒట్టేసింది. రెండో పేజీలోనే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని, "ఊఁ, తర్వాత?" అంది.