తువాలు కింద ప్రధాన సంఖ్య

బ్రేక్!

కారు అడ్డంగా తిరిగి ఆగుతుంది. ముందు పశువుల లారీ... వెనక జీపు!

ఇంకా తెల్లవారలేదు. మదనపల్లెలో మొదలైన వేట పుంగనూరు సంత ముందు ముగుస్తుంది.

హేమలత దిగుతుంది. పరుగెత్తదు. ముప్పై ఏళ్లు కాలేజీలో గణితం చెప్పిన మనిషి. కారు ఇటు తిప్పింది ఊరికే కాదు.

శాలువా చాటున తుపాకీ ఆమె పక్కటెముకలకు తగులుతుంది. వినోద్! కుప్పం క్వారీ యజమాని మనిషి. ఆమె ఫోన్ లాక్కుని, టీ కొట్టు బల్ల మీద కూర్చోబెడతాడు.

“పదిన్నర దాకా ఈడనే టీ తాగతా ఉండు మేడం. ఆపైన నీ ఇష్టం.”

పదిన్నరకు కుప్పం కోర్టులో కేసు. సాక్ష్యం లేకపోతే నేడే కొట్టివేత.

సోహైల్ అనే కుర్రాడు లోపల ఉండగానే క్వారీ పేల్చి చంపారు. ప్రమాదమని రాసుకున్నారు! ఒక కూలీ తీసిన వీడియో ఇప్పుడు సోహైల్ చెల్లెలు, లాయర్ సబా దగ్గర ఉంది. ఆ కూలీ క్షేమంగా ఊరు దాటేదాకా ఎవరూ చూడకూడదని హేమలతే దానికి తాళం వేసింది. తాళంచెవి మూడు వందల అంకెల ప్రధాన సంఖ్య... అది ఆమె తలలో మాత్రమే ఉంది.

“ఆ నంబరు మేం కనుక్కోలేమా?” అంటాడు వినోద్.

“కంప్యూటర్లన్నీ తెచ్చి కూర్చోబెట్టప్పా. అది ఒకటికి, తనకు తప్ప ఎవరికీ లొంగదు. నా మాదిరే.”

వినోద్ నవ్వుతాడు. మూడు వందల అంకెలు ఈ సంతలో ఎవరికి అప్పజెబుతుంది?

కొన్ని పెద్ద ప్రధాన సంఖ్యలను చిన్నగా చెప్పవచ్చని అతనికి తెలియదు. పది అంకెల సంఖ్య ఒకటి... దాన్ని ముప్పైసార్లు వేసి గుణించాలి... చివర కొంచెం కలపాలి. అంతే! మిగతాది ఆమె శిష్యురాలు సబా చూసుకుంటుంది.

తెల్లవారుతుంది. ప్రతి సంతకూ వచ్చే మైమూన్ బీ మేకతో వస్తుంది. సోహైల్ తల్లి. వినోద్ ఆమెను ఎన్నడూ చూడలేదు.

“మేక కావల్లా అమ్మా? సూడు, ఎట్లుండాదో.”

హేమలత చేయి చాస్తుంది. మైమూన్ బీ తువాలు కప్పుతుంది. ఈ సంతలో ధర నోటితో చెప్పరు. పట్టుకున్న వేళ్లే అంకెలు.

వినోద్ చటుక్కున తల తిప్పుకుంటాడు! పెద్దపంజాణి పశువుల దళారి మనవడు. పరుల తువాలు వైపు చూడటం ఆ ఇంట్లో సిగ్గుచేటు.

వేళ్లు... పిడికిలి... వేళ్లు...

సగం అంకెలకే మైమూన్ బీ గుర్తుపడుతుంది. అది పోయిన కొడుకు ఫోన్ నంబరు!

ఆపైన ముప్పై... ఆపైన పదమూడు.

“ఈ ధర నీ కూతుర్ని అడిగి చెప్పమ్మా,” అంటుంది హేమలత.

మైమూన్ బీ మేకను లాక్కుని జనంలో కలిసిపోయి, సబాకు ఫోన్ చేస్తుంది.

పదకొండు గంటలు. వినోద్ ఫోన్ మోగుతుంది. అవతల యజమాని అరుపు... కోర్టులో వీడియో నడుస్తోంది!

తుపాకీ బయటికి వస్తుంది.

“ఎవురికి చెప్పినావు?”

“నీ ముందరే చెప్పినానప్పా. నువ్వే మర్యాదగా తల తిప్పుకున్నావు.”

“సంపేస్తా.”

“సంపు. ఆ సంఖ్య ఇప్పుడు నా ఒక్కదాని తలలోనే లేదు.”

వేలు బిగుస్తుంది... హేమలత కళ్లు మూయదు.

ఢాం!

బల్ల మీది టీ గ్లాసు ముక్కలవుతుంది.

వినోద్ మణికట్టును విరిచిన మేకల కర్ర మళ్లీ లేస్తోంది. కర్ర పట్టిన చేతికి తువాలు చుట్టి ఉంది.