రోతను నిద్రపుచ్చిన నాలుగు తంతులు

ఏడుమెట్ల రాజ్యంలో ఒక మంగళవారం ఎవరూ అన్నం తినలేదు. కంచంలోని మెతుకులు పురుగుల్లా కనిపించాయి. కుండలోని నీళ్ళు చీములా అనిపించాయి. తల దువ్వబోయిన తల్లిని కూతురు విదిలించుకుంది. మధ్యాహ్నానికి మణికేతు మహారాజు తన పళ్ళాన్ని కిటికీలోంచి విసిరేశాడు. కింద నిలబడ్డ భటుడు దాన్ని ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు.

కారణం కోట కింద ఉంది. అక్కడి సొరంగంలో కశ్మలుడనే రాక్షసుడు మూడువందల ఏళ్ళుగా నిద్రపోతున్నాడు. వాడు మేలుకుని వదిలే ఊపిరి తగిలితే చాలు, మనిషికి అన్నిటి మీదా రోత పుడుతుంది. వాణ్ణి నిద్రలో ఉంచేది చిటికిన్నెర అనే వాద్యం. మెట్లు కట్టిన మూరెడు కర్ర, సొరకాయ బుర్ర, నాలుగు తంతులు, అంతే. ప్రతి అమావాస్యకూ ఆస్థాన విద్వాంసుడు శేషభట్టు సొరంగం ముందు కూర్చుని దాన్ని వాయించాలి. ఈసారి వాయిస్తుండగానే నాలుగు తంతులూ తెగాయి. కశ్మలుడు మేలుకున్నాడు.

ఆ తంతులు గొర్రెపేగుతో చేసినవి. ఊరి చివర పైడితల్లి, ఆమె కూతురు గవరమ్మ పేగులు కడిగి, గీకి, పురిపెట్టి, నీడలో ఆరగట్టి తంతులు చేస్తారు. కోట దొడ్డివాకిట ఇచ్చి వస్తారు. కోటవారికి తంతి కావాలి, తంతి చేసిన చేయి అక్కర్లేదు.

గవరమ్మకు పదిహేనేళ్ళు. ఆమెకూ రోత పట్టింది. అయితే పుట్టినప్పటి నుంచి పేగుల మధ్య బతికిన పిల్ల. తల్లి రోజూ చెప్పే మాట ఒకటుంది. “రోత ముక్కుకుంటే ఉండనీవే, చేతికి ఉండకూడదు.” అందుకే ఆమె చేయి పని చేస్తూనే ఉంది. నెలలపాప చెల్లెలు కూడా బుధవారం నాటికి పాలు చూసి మొహం తిప్పేసుకుంది. పైడితల్లి గుడ్డ తడిపి దాని పెదాల మీద పిండుతూ, “ఇలాగైతే బిడ్డ రెండు రోజులే ఆగుద్దమ్మా,” అంది.

తంతులు తెగాయని విని గవరమ్మ కోటకు పరుగెత్తింది. దొడ్డివాకిట పారేసిన తంతిముక్క తీసి వాసన చూసింది. పన్నీరు!

“బాబూ, తంతుల్ని పన్నీట్లో ముంచారా?” అని లోపలికి కేకేసింది.

శేషభట్టు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని వచ్చాడు. “ముంచకపోతే ఆ కంపు నేను భరించాలా?”

“పేగు తడిస్తే ఉబ్బుద్ది. ఉబ్బితే తెగుద్ది. మా అమ్మ ఎన్నిసార్లు చెప్పి పంపింది?”

“దొడ్డివాకిట చెప్పిన మాట సభదాకా వస్తుందటే?” అన్నాడు భట్టు. అంతలోనే గోడకు చేరగిలబడ్డాడు. “నేను ఇక దాన్ని తాకలేను. చూస్తేనే డోకొస్తోంది. మా గురువు ఆ విద్య ముళ్ళకోనలో ముగ్గురి దగ్గర నేర్చాడు. చేతనైతే వెళ్ళు.”

చిటికిన్నెరను పట్టుకారుతో పట్టుకుని ఆమె ముందుకు తోశాడు. గవరమ్మ దానికి తంతులు కట్టి, మరో నాలుగు పొడి తంతులు వెదురుగొట్టంలో దాచుకుని కోన దారి పట్టింది.

మొదటి గుహలో ఎద్దంత సాలీడు ఉంది. దాని వెంట్రుకలకు ఈగల తోళ్ళు అంటుకుని ఉన్నాయి. నోట్లోంచి తీగలా జొల్లు కారుతోంది.

“తాతా, వేళ్ళు నడపడం నేర్పు,” అంది గవరమ్మ, గొంతులోకి వచ్చింది మింగి.

“చేయి చాపు. లాక్కున్నావో, తినేస్తాను.”

సాలీడు నాలుగు కాళ్ళు ఆమె నాలుగు వేళ్ళ మీద పెట్టింది. కర్ర మీద చూపుడువేలు మొదటి మెట్టున, నడిమివేలు రెండో మెట్టున, ఉంగరపువేలు మూడో మెట్టున, చిటికెనవేలు నాలుగో మెట్టున. ఒకటి ఆనితేనే ఇంకొకటి కదలాలి. మొదటి తంతి నుంచి నాలుగో తంతికి, మళ్ళీ వెనక్కి.

“చిటికెనవేలు గాల్లో ఎగురుతోందేమే? దానికేమైనా పెళ్ళా?” అంది సాలీడు. నూరుసార్లు నడిపించింది. జొల్లు మోచేతిదాకా పాకింది. వేలికొసలు తెగాయి. గవరమ్మ చేయి లాక్కోలేదు.

రెండో చోట బురదగుంటలో ఒక రాక్షసి మెడదాకా మునిగి ఉంది. జుట్టునిండా జలగలు.

“అవ్వా, పట్లు నేర్పు.”

“మూడే పట్లు. ఒంటివేలి పట్టు, రెండువేళ్ళ పట్టు, మూడువేళ్ళ పట్టు. పట్టు పట్టి మీటితే నాలుగు తంతులూ ఒకేసారి పలకాలి. ఒక్కటి మూగపోతే ఒక్క జలగ.”

మొదటి పట్టు పలికింది. రెండోదానికి ఒక తంతి మూగపోయింది. రాక్షసి జుట్టులోంచి జలగను తీసి ఆమె మోచేతికి అంటించింది. మూడో పట్టుకు మూడు జలగలు పడ్డాయి.

“ఛీ! ఇది నేర్పడమా, నెత్తురు తాగడమా?” అని అరిచింది గవరమ్మ.

“నీ వేళ్ళు తిన్న కుక్కల్లా పడుకుంటున్నాయి. పక్క తంతిని తొక్కుతున్నాయి. నిటారుగా నిలబెట్టు.”

గవరమ్మ వేళ్ళు నిలబెట్టింది. మూడు పట్లూ మార్చి మార్చి పట్టింది. పదకొండో జలగ తర్వాత మరి జలగ పడలేదు.

గురువారం ఉదయానికి కోన చివరకు చేరింది. అక్కడ పేడలో ఒక దున్నపోతు నిలబడి ఉంది. దాని వీపు మీద పుండు, పుండు మీద ఈగలు. తోక ఆడుతోంది.

“మామా, మీటడం నేర్పు.”

“నా వెనక కూర్చుని తోక చూడు,” అంది దున్న.

గవరమ్మ పేడలో కూర్చుని తోకతోపాటే తంతులు మీటసాగింది. తోక కిందికి కొట్టింది. కిందికి, పైకి. తర్వాత పైకి, కిందికి, పైకి. ఒక్కోసారి ఈగను తాకకుండానే కిందికి పోయేది. ఆమె చేయి మాత్రం అక్కడ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా తోక ఆమె మొహానికి తగిలేది, పేడతో సహా.

“ఈగ లేనప్పుడు తోకెందుకు ఆడాలి మామా?”

“తగిలినా, తగలకపోయినా ఆడుతూ ఉంటేనే తర్వాతి దెబ్బ వేళకు పడుద్ది. ఆపావా, లయ పోయింది.”

ఇక ఆమె చేయి ఆగలేదు.

సాయంత్రానికి కోటకు చేరింది. బురదలో తడిసిన తంతులు విప్పి, గొట్టంలోని పొడి తంతులు కట్టింది.

“కనీసం తుడవనైనా తుడవవే!” అన్నాడు శేషభట్టు.

“దూరంగా ఉండండి బాబూ, మీ పన్నీటి వాసన నాకు పడదు,” అంది గవరమ్మ.

సొరంగం ముందు కూర్చుని ఒంటివేలి పట్టు పట్టింది. కశ్మలుడు పాక్కుంటూ వచ్చాడు. కుళ్ళిన చెరువు నోరు తెరిచినట్టుంది. ఊపిరి వదిలాడు.

“పిల్లా, నీ చేతికి పేగు కంపు, ఒంటికి పేడ కంపు. నీకు నీమీదే రోత పుట్టడం లేదూ?”

“పుడుతోంది. అయితే?”

రెండువేళ్ళ పట్టు. వాడు మళ్ళీ ఊపిరి వదిలాడు. గవరమ్మ పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. చేయి మాత్రం కిందికి పోయింది, పైకి వచ్చింది. తంతి తగలని చోట గాలిలో ఆడింది, తర్వాతి దెబ్బ వేళకు పడింది. మూడువేళ్ళ పట్టు. మళ్ళీ ఒంటివేలి పట్టు. కశ్మలుడు మూడో ఊపిరి పీల్చబోయి ఆవులించాడు. తల నేలకు వాల్చి గురక పెట్టాడు.

ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి. గవరమ్మ ఇంటికి వచ్చేసరికి చెల్లెలు చప్పరించే చప్పుడు వాకిట్లోకి వినిపించింది.

రాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. “నాకు ముందువాకిలి చాలు మహారాజా. తంతి చేసినవాళ్ళే తంతి కట్టాలి, వాయించాలి. పన్నీరు మీరే తాగండి,” అంది. రాజు ఒప్పుకున్నాడు.

రాకుమారుడు జయకేతు విద్య నేర్చుకుంటానని తంతులు చేసే పాకకు వచ్చాడు. గవరమ్మ అతని చేయి తిప్పి చూసి మొహం చిట్లించింది.

“ఛీ! వేలికొసల్లో ఒక్క కాయైనా లేదు. ముందు ఆ పేగు గీకండి.”

అతను ముక్కు మూసుకోబోయాడు. రెండు చేతులూ పనిలో ఉండటంతో కుదరలేదు. ఆరేళ్ళు పేగులు గీకాడు, తంతులు నొక్కాడు. కాయలు కాచాక గవరమ్మే అతని చేయి పట్టుకుని ముందువాకిట పెళ్ళిపీటల దగ్గరకు తీసుకెళ్ళింది. ఏడుమెట్ల రాజ్యంలో నేటికీ పెళ్ళికొడుకు వేలికొసలు తడిమి చూశాకే పిల్లనిస్తారు.