చేదు దుంప

సీతాలు నుదుటి పట్టీకి బిగించిన పత్రనేత్రం ఆ తీగను చూడగానే ఎర్రగా వెలిగింది. "విషం. తినరాదు," అని ఆమె చెవిలో చెప్పింది. ఆమె వెనక్కి జరిగింది. అత్త పండమ్మ మాత్రం గునపం నేలలో దించింది.

"అత్తా, వద్దు! ఎర్ర చూపిస్తంది."

"చూపించనీయే. మూడేసి ఆకులు, కాడకి ముళ్లు. చేదు దుంప ఇది. మీ మావకి పేణం."

మారేడుమిల్లి పైకొండల్లో అందరూ ఆకుకన్ను అని పిలుచుకునే ఆ పరికరం వచ్చి పదకొండేళ్లయింది. ఏది కూర, ఏది మందు, ఏది చంపుతుంది అన్నది క్షణంలో చెబుతుంది. అప్పటినుంచి తినరానిది తిని ఆ కొండల్లో ఒక్కరూ చనిపోలేదు. గూడెం గూడేనికీ తిరిగి దాని వాడకం నేర్పింది సీతాలే. అందుకు కారణం ఉంది. ఒక ఏడాది వానాకాలంలో తిండిగింజలు అయిపోయి, సరిగా కడగని ఈ దుంప తిని ఆమె తల్లి పోయింది.

ఆ సంగతి పండమ్మకు తెలుసు. అందుకే ఒక్క మెట్టూ వదలకుండా పని చేసింది. దుంపను పల్చగా తరిగింది, ఉడికించింది, బుట్టలో కట్టి పారే వాగులో దింపింది. మూడు రోజులూ పూటపూటకూ వెళ్లి బుట్ట కదిపి వచ్చింది. మళ్లీ ఉడికించి, చిన్న ముక్కను నాలుక చివర పెట్టుకుని, ఉమ్మి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"చేదు పోయింది. ఇయ్యాల నేను తింటా. రేపటికి బాగుంటే నువ్వు తిందువు."

మర్నాడు పొద్దున పండమ్మ పొయ్యి ఊదుతూ కనిపించాకే సీతాలు ఊపిరి పీల్చుకుంది. ముక్క నోట్లో పెట్టుకుంది. మెత్తగా, కమ్మగా ఉంది.

"అత్తా, కడిగే పద్ధతి చెప్పు. ఆకుకన్నులో ఎక్కిస్తాను. అందరికీ తెలుస్తది."

పండమ్మ బుట్ట పక్కన పెట్టింది.

"దానికి చెప్పేస్తే, ఇంక నన్నెవరడుగుతారే?"

ఒకప్పుడు ఏడు గూడేల ఆడవాళ్లు ఆకులు పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడేవారట. సీతాలుకు మాత్రం, తను కాపురానికి వచ్చాక అత్తను ఏ ఆకు గురించీ అడిగిన గుర్తు లేదు. అడిగే అవసరమే రాలేదు.

నాలుక చివర తెలిసే ఆ చేదును ఏ మాటల్లో ఎక్కించాలో కూడా ఆమెకు తోచలేదు. సగం తెలిసి తింటే ఏమవుతుందో ఆమె కంటే ఎరిగినవారు లేరు. ఎర్ర గుర్తు అలాగే ఉంచింది. దాని కింద ఇలా ఎక్కించింది: "విషం. కడగడం చేత్తో నేర్చుకోవాలి. పండమ్మ దగ్గరికి రండి."

నెల తిరిగేసరికి వాగు ఒడ్డున తొమ్మండుగురు ఆడవాళ్లు కత్తిపీటలతో కూర్చున్నారు. పండమ్మ గొంతు కొండకి వినిపిస్తోంది. "అంత మందమా? నీళ్లెలా దిగుతాయే?" అంటూ ఒక్కొక్కరినీ దాటుకుంటూ, చివర కూర్చున్న సీతాలు దగ్గర ఆగింది. కోడలి వేళ్ల మీద తన వేళ్లు వేసి, ముక్కలోంచి వెలుగు కనబడేంత పల్చగా కోయించింది.

"ఇలాగ. అప్పుడు వాగు పొంగి మీ అమ్మ నన్నడగడానికి మా గూడెం దాకా రాలేకపోయింది గాని," అంది మెల్లగా, "వచ్చుంటే ఇలాగే చెప్పేదాన్నే."

సీతాలుకు ముక్క మసకగా కనిపించింది. అత్త వేళ్లు వదలలేదు. ఇద్దరూ కలిసి రెండో ముక్క కోశారు.