తనిఖీ కుర్చీ

మూడో బల్లకు ఎనిమిది పేర్లు, నాలుగో బల్లకు ఎనిమిది. రంగనాయకి పట్టికను వేలితో కిందికి జరుపుకుంటూ వచ్చి పదకొండో బల్ల దగ్గర ఆగింది. గట్టిగా నవ్వే పిల్లలిద్దరు అక్కడ పక్కపక్కన పడ్డారు. కుర్చీలు కేటాయించే యంత్రం, అమరిక, అలాంటి పొరపాట్లు చేయదు. ఎదురుగా ఎవరున్నారా అని చూసింది. మొదటేడు అమ్మాయి, చేరి నెలైనా నోరు విప్పనిది. ఓహో, అందుకా, అనుకుని 'సరే' మీట నొక్కింది. కింద కాలేజీ భోజనశాల గోడ మీద, ఎవరి చెంత ఎవరు కూర్చోవాలో చూపే చెంతపలక వెలిగింది. ఉదయం ఆరూ నలభై.

యాభై రెండు బల్లలు, నాలుగు వందల పదహారు కుర్చీలు. పలక మీద మాత్రం నాలుగు వందల పదిహేను పేర్లే ఉంటాయి. మిగిలిన కుర్చీ ఎదుట 'ఖాళీ' అని పడుతుంది. అది పిల్లలను గమనించేవాళ్ళు కూర్చునే తనిఖీ కుర్చీ. రోజుకో బల్లకు మారుతుంది. ఇరవై మూడు రోజులుగా అందులో కూర్చుని తింటున్నది రంగనాయకే.

ఎవరి పక్కన ఎవరు తినాలో, ఏ నడవాలోంచి తరగతికి పోవాలో, ఎవరి మంచం కిటికీ వైపు ఉండాలో అన్నీ అమరికే చెబుతుంది. శ్రద్ధగా రాసుకునే ఒరవడి పిల్ల పక్కన పదకొండు రోజులు కూర్చోబెడితే బద్ధకస్తురాలు కూడా పెన్ను తీస్తుంది. దాన్ని అంటు పట్టడం అంటారు. ఎవరికీ ఒక్క మాట చెప్పనక్కర్లేదు, ఎవరినీ తిట్టనక్కర్లేదు. రెండో ఏడులో చేరగానే, ఈ పట్టికలు సరిచూసే కూర్పుగదిలో పొద్దుటి పని తనకు కావాలని రంగనాయకి అడిగి మరీ తీసుకుంది. మనుషులు మారడం ఎక్కడ మొదలవుతుందో చూడాలని ఆమె కోరిక. పైగా తనిఖీ కుర్చీలో కూర్చున్నవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. ఆమెకు అదీ హాయిగానే ఉంది.

పట్టిక మూయబోతుంటే ఎర్రగీత వచ్చింది.

నిలకడ లోపం. మూలం: మాబున్ని, రెండో ఏడు, వృక్షశాస్త్రం. విడిబల్ల, నలభై ఒక్క రోజులు. మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి అమలు. కూర్పరి ముద్ర వేయవలెను.

ఆ లోపం సంగతి రంగనాయకికి తెలుసు. పొద్దుటి ఫలహారం పద్నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. మూడు వారాలుగా అది మెల్లగా సాగి పదిహేను దాటింది. ఆ ఒక్క నిమిషమే గ్రంథాలయం మలుపు దగ్గర రెండు వరసలను ఢీకొట్టిస్తోంది, ప్రయోగశాల తలుపును పిల్లలు రాకముందే మూయిస్తోంది. కారణం కూడా తెలుసు. వడ్డన బండి పళ్ళెం పెట్టగానే పిల్లలు తినడం లేదు. బల్ల మీద ఎనిమిదో పళ్ళెం దిగేదాకా ఆగుతున్నారు.

ఆ అలవాటు ఎవరి దగ్గర మొదలైందన్నదే తేలలేదు. ఇప్పుడు అమరిక తేల్చింది.

ముద్ర అంటే బొటనవేలు పలక మీద ఆనించడమే. రంగనాయకి వేలు చాపి, వెనక్కి తీసుకుంది. కిందటేడు విడిబల్ల నుంచి తిరిగొచ్చిన సునంద ఇప్పటికీ ఎవరైనా పక్కన కూర్చుంటే కుర్చీ జరుపుకుంటుంది. నలభై ఒక్క రోజులు గోడకెదురుగా తినాలి, ఒంటరి నడవాలో నడవాలి, పలకరించేవాళ్ళు ఉండరు. మాబున్ని అయితే చెట్లతో కూడా మాట్లాడుతుంది.

తలుపు దబదబా మోగింది. మాబున్నే. నోటీసు ఆమె చేతిపట్టీకి అప్పుడే చేరినట్టుంది.

"ఏం మే రంగీ, నేనేం జేస్తిని? యెవుర్నన్నా కొడ్తినా, తిడ్తినా?"

"నువ్వీడికి రాగూడదు మాబూ."

"రాగూడదని నాకూ తెల్సులే. విడిబల్లంట! నలభై ఒక్క రోజు! నేను నిద్రలో గూడా మాట్లాడ్తానని మా గదంతా మొత్తుకుంటాంటే, నన్ను దీస్కపోయి గోడ ముందర కూసోబెడ్తారా? ఆ గోడ పారిపోతాది చూడు!"

రంగనాయకికి నవ్వొచ్చింది. మాబున్ని మాత్రం నవ్వలేదు.

"అందరికీ పెట్టిందాంక ఆగుతాండావంట నువ్వు."

"ఆ, ఆగుతాండా. అయితే?"

"యెప్పట్నుంచి?"

మాబున్ని ఆలోచించింది. "ఏమో మే. మా ఇంట్లో నాకు ముందు పెట్టకుంటే గిన్నెలు యెగిరిపోతాండె. ఈ మద్దెనే ఇట్లయినా. యెవురో ఆగినట్టుండ్రి, నేనూ ఆగితి. తినబుద్ధి గాలే."

"యెవురు?"

"గుర్తుంటే చెప్పనా? పన్నెండు గంటల్లోపల నువ్వే కనుక్కో. చదువుకున్నోళ్ళు గదా మీరు." వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "ముద్ర నువ్వే యెయ్యాలంట, నిజమేనా?"

రంగనాయకి తల ఊపింది. మాబున్ని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఎనిమిదింటి తరగతి మానేసి పాత పట్టికలు తెరిచింది. ప్రతి బల్లలోనూ ఆగడం ఏ రోజు మొదలైందో కాగితం మీద రాసుకుంది. మాబున్ని ఉన్న బల్లల్లో ఆగడం ఎక్కువే. అమరిక అక్కడే పట్టుకుంది. కానీ పందొమ్మిదో బల్లలో మాబున్ని ఎప్పుడూ కూర్చోలేదు. ఆమెతో కూర్చున్నవాళ్ళూ అక్కడికి పోలేదు. అయినా అక్కడ ఆగడం మొదలైంది. ఎట్లా?

బల్లలను తేదీల వరసలో పెట్టింది. మొదటి రోజు ఒకటో బల్ల. రెండో రోజు రెండో బల్ల. ఐదో రోజు ఐదు. పందొమ్మిదో రోజు పందొమ్మిది. అంటు ఇంత బుద్ధిగా, మెట్లెక్కినట్టు పాకడం ఆమె ఎక్కడా చూడలేదు. ముచ్చటేసింది. అలవాటు అనేది ఇలా వరసగా నడుస్తుందా అని కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

అప్పుడు తన తనిఖీ పుస్తకం తీసి పక్కన పెట్టింది. ఒకటో రోజు ఒకటో బల్ల. ఐదో రోజు ఐదు.

రెండు వరసలూ ఒకటే.

ఇంట్లో పెద్దమ్మ వడ్డించేది. ఆమె కూడా కూర్చుని సంగటిలో వేలు పెట్టేదాకా ఎవరూ ముద్ద ఎత్తేవాళ్ళు కాదు. అలా ఉండాలని ఎవరూ చెప్పిందీ లేదు. కాలేజీకి వచ్చిన వారానికే రంగనాయకికి ఆ అలవాటు పోయింది. పక్కనున్నవాళ్ళు తింటుంటే తనూ తినేది. మొదటేడంతా పళ్ళెం దిగడం ఆలస్యం, నోట్లో ముద్ద ఉండేది. తనిఖీ పని కోసం పలక మీద తన పేరు తీసేసిన మర్నాడే చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వచ్చి ఆగింది. పిల్లలందరి పళ్ళేలూ వచ్చేదాకా ఆమె తినకుండా చూస్తూ కూర్చునేది. ఒకరు తినకుండా చూస్తుంటే మిగతావాళ్ళు ఎలా తింటారు?

అమరికకు ఆ కుర్చీలో మనిషి కనిపించదు. మూలానికి ఒక పేరు కావాలి కాబట్టి, అంటు అందరికంటే గట్టిగా పట్టిన మాబున్ని పేరు తీసుకుంది.

కూర్పుగది అధికారిణి నాగరత్నమ్మ పదకొండున్నరకు వచ్చింది. రంగనాయకి కాగితం చూపించి, తడబడుతూ అంతా చెప్పింది. ఆమె కళ్ళద్దాలు పైకి జరుపుకుని రెండుసార్లు చదివింది.

"తనిఖీ కుర్చీ లెక్కలోకి రాదు పాపా. చూసేవాళ్ళు చూస్తారు, అంతే."

"నేను చూస్తాంటే వాళ్ళు తినలేకపోయినారు మేడం."

"సరే, రేప్పొద్దన్నుంచి నువ్వు ముందే తినెయ్. వారంలో సర్దుకుంటాది."

"మాబున్ని?"

నాగరత్నమ్మ ఎర్రగీత మీద వేలు పెట్టింది. "మూలం ఎత్తేయాలంటే వేరే మూలం చూపించాల. ఖాళీ కుర్చీకి పేరు ఎక్కించాల."

"నా పేరు ఎక్కిస్తా."

"ఎక్కిస్తే విడిబల్ల నీకొస్తాది. అదొక్కటే గాదు." ఆమె కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. "ఆ కుర్చీలో మనిషుండాదని ఒకసారి ఒప్పుకుంటే, పన్నెండేండ్ల నుంచి ఆడ కూర్చున్నోళ్ళందర్నీ ఒప్పుకోవాల. ఏ పిల్ల ఎవురి వల్ల మారిందని మనం రాసుకున్న ప్రతి ముక్కా మళ్ళీ చూడాల. మనం ఒరవడి అనుకున్నోళ్ళు ఒరవడి గాకపోవచ్చు. ఆపొద్దు పలక ఏం చూపిస్తాదో నాకే తెల్దు."

"మీరూ కూర్చున్నారా మేడం, ఆ కుర్చీలో?"

"మొదట కూర్చున్నదే నేను. రెండేండ్లు."

నాగరత్నమ్మ కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి, బల్ల మీద పెట్టింది.

"వద్దని చెప్పాల్సిన పని నాది. చెప్పినా. ముద్ర నీది."

రంగనాయకి నలుగురిలో తన పేరు వినపడితేనే తల దించుకునే మనిషి. ఇప్పుడది గోడంత పలక మీద పడబోతోంది. ఖాళీ అన్న మాటను చెరిపింది. ర దగ్గర మొదలుపెట్టి ఒక్కో అక్షరమే కొట్టింది. మాబున్ని పేరు పక్కన ముద్ర వేయమని అమరిక ఇంకోసారి అడిగింది. ఆమె తన పేరు పక్కన వేలు ఆనించింది.

ఎర్రగీత పోయింది. పట్టికలో పేర్లు ఒకటొకటిగా చెరిగిపోసాగాయి. నిన్నటివి, కిందటి నెలవి, కిందటేటివి; అమరిక తన పాత లెక్కలన్నీ కొట్టేస్తోంది. నాగరత్నమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

మధ్యాహ్నం గంట మోగింది. రంగనాయకి మెట్లు దిగి వచ్చేసరికి భోజనశాల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్కరూ లేరు. నాలుగు వందల మంది గుమ్మం బయటే ఆగిపోయి గోడ వైపు మెడలు సాచి చూస్తున్నారు. చెంతపలక మీద ఒకే ఒక్క పేరుంది. రంగనాయకి. బల్ల సంఖ్య లేదు. మిగతా గోడంతా తెల్లగా వెలుగుతోంది.

ముందు వరసలోంచి మాబున్ని ఆమెను చూసి చెయ్యి పట్టి లాగింది.

"ఏం మే ఇది! నా పేరు దీసెయ్యమంటే ఊరందరి పేర్లూ దీసేస్తివే! ఇప్పుడు యాడ కూసోవాల మేమంతా?"

అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని రంగనాయకికి తెలుసు. ఆమె మాబున్ని వైపు తిరిగింది.

"నీకు యాడ కూసోవాలనుంది?"

మాబున్ని యాభై రెండు బల్లల వైపు తిరిగి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది, మళ్ళీ చూసింది. వెనక ఆకలేసిన పిల్లలు తోసుకుంటున్నారు. ఎవరో విసుక్కుంటున్నారు.

"ఉండు మే," అంది మాబున్ని. "తొందరపెట్టాకు. ఆలోచించుకోనీ."